పట్టాభిషేకం తర్వాత ఏముంది?

ఏటా చైత్ర పౌర్ణమికి హైదరాబాద్‌లో హనుమజ్జయంతి శోభాయాత్ర గౌలిగూడ రామమందిరం నుంచి బయలుదేరుతుంది. కోఠి, నారాయణగూడ మీదుగా సికింద్రాబాద్ తాడ్‌బండ్ హనుమాన్ గుడి దాకా సాగుతుంది. ఆ బయలుదేరే చోటికి కూతవేటు దూరంలోనే ఎలక్ట్రానిక్స్ బేరాలకు పేరుపడ్డ కోఠి గుజరాతీ గల్లీ, ఇంకాస్త ముందుకెళితే సెల్‌ఫోన్ల కోసం జనం కిటకిటలాడే అబిడ్స్ జగదీశ్ మార్కెట్. ఈ చుట్టుపక్కల రాముడి కథ తెలియని కుర్రాడు దొరకడం కష్టం. పోకెమాన్ పేరు వినని కుర్రాడు దొరకడమూ అంతే కష్టం.

ఈ రెండు లోకాల్లోనూ ఒకే తగవు నడుస్తోంది. రావణుడు పడిపోయాడు, సింహాసనం దక్కింది, లోకం సుఖంగా ఉంది. కథ అక్కడితో ఆపాలా, ఇంకా చెప్పాలా? వీడియో గేమ్‌లు ఆడేవాళ్లు దీన్నే మరోలా అడుగుతారు: ఒక గేమ్‌కి మెయిన్ స్టోరీ ముఖ్యమా, పోస్ట్‌గేమ్ ముఖ్యమా?

ముందు ఈ మాటల సంగతి చూద్దాం. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే, పొట్టిగా ఆర్పీజీ అంటే, కారు పందెంలాగా, తుపాకీ ఆటలాగా కేవలం చేతి వేగం మీద నడిచేది కాదు. ఆడేవాడు ఒక పాత్ర అవుతాడు. మొదట్లో చేతిలో ఓ మామూలు కత్తి తప్ప ఏమీ ఉండదు. ఊరూరా తిరుగుతాడు, కనిపించినవాళ్లందరితో మాట్లాడతాడు, శత్రువుల్ని ఓడించి అనుభవం పాయింట్లు కూడబెడతాడు. పాయింట్లు నిండితే లెవెల్ పెరుగుతుంది. దారిలో నలుగురు తోడు చేరతారు. చివర్లో ఒక పెద్ద విలన్ ఉంటాడు, ఆటగాళ్ల మాటల్లో ఫైనల్ బాస్. వాడు పడితే సినిమా అయిపోయినట్టు తెర మీద పేర్లు పడతాయి. 1986లో జపాన్‌లో ఎనిక్స్ కంపెనీ విడుదల చేసిన డ్రాగన్ క్వెస్ట్, ఇంట్లో టీవీకి తగిలించుకునే గేమ్ మెషీన్ల మీద ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చింది. దాని రూపకర్త యూజీ హోరీ.

పేర్లు పడ్డాక కూడా మిగిలి ఉండే ఆటే పోస్ట్‌గేమ్. అప్పటిదాకా తాళం వేసి ఉన్న గుహ తెరుచుకుంటుంది. ఫైనల్ బాస్‌ని తలదన్నే శత్రువు ఎక్కడో కాచుకుని ఉంటాడు. కొత్త ఊళ్లు, కొత్త ఆయుధాలు, ఒక్కోసారి కొత్త కథే ఉంటుంది.

ఇది అభిరుచులకు సంబంధించిన తగవు మాత్రమే అనుకుంటే పొరపాటు. జేబుకు సంబంధించింది కూడా. ప్లేస్టేషన్ 5 మన దేశానికి వచ్చినప్పుడు సోనీ తన పెద్ద గేమ్‌లకు పెట్టిన ధర రూ. 4,999. అంత పెట్టేవాడు కౌంటర్ దగ్గర ముందు అడిగేది “అన్నా, స్టోరీ ఎన్ని గంటలొస్తది?” అనే. ముప్ఫై గంటల్లో కథ అయిపోయి, ఆ తర్వాత చేయడానికేమీ లేకపోతే డిస్కు సెకండ్ హ్యాండ్‌కి పోతుంది. ఇంకో వంద గంటల ఆట మిగిలి ఉంటే ఇంట్లోనే ఉంటుంది. కంపెనీలకు ఈ లెక్క బాగా తెలుసు, ఎందుకంటే పాత డిస్కు చేతులు మారితే వాటికి పైసా రాదు. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ ‘ఆన్‌లైన్ పాస్’ అని పెట్టి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఆన్‌లైన్ ఆడాలంటే విడిగా డబ్బు కట్టాలంది. ఆటగాళ్లు మండిపడ్డారు. 2013లో దాన్ని ఎత్తేయక తప్పలేదు. బలవంతపు వసూలు కంటే, డిస్కు అమ్మబుద్ధి కాకుండా ఆటను పొడిగించడమే మేలైన ఉపాయమని తేలింది.

పొడిగింపు తెలుగువాళ్లకు కొత్త విషయం కాదు. రంగనాథ రామాయణాన్ని గోన బుద్ధారెడ్డి ద్విపదలో పట్టాభిషేకం వరకే చెప్పాడు. ఉత్తరకాండను ఆయన కొడుకులు కాచవిభుడు, విఠలనాథుడు రాశారు. తిక్కన అయితే పట్టాభిషేకం తర్వాతి కథనే పట్టుకుని నిర్వచనోత్తర రామాయణం రాసి నెల్లూరు పాలకుడు మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. 1963లో వచ్చిన తొలి పూర్తి నిడివి తెలుగు రంగుల సినిమా ‘లవకుశ’ మొత్తం ఉత్తరకాండ కథే. ఇక మహాభారతం సంగతి. పద్దెనిమిది పర్వాల్లో శల్య పర్వంతో పద్దెనిమిది రోజుల యుద్ధం దాదాపు ముగుస్తుంది. అది తొమ్మిదో పర్వం. అంటే దుర్యోధనుడు పడిపోయాక ఇంకా సగం పర్వాలు మిగిలే ఉన్నాయి. వాటిలో శాంతి పర్వంలాంటి కొండంత భాగమూ ఉంది, యాదవులు తమలో తాము కొట్టుకుని నశించే మౌసల పర్వమూ ఉంది.

ఒకటి గెలిచినవాడికి రాజనీతి నేర్పేది. ఇంకొకటి గెలుపు ఎంత నిలిచిందో చూపేది. ఇంచుమించు ఈ రెండు దారుల్లోనే గేమ్‌ల పోస్ట్‌గేమ్‌లు కూడా నడుస్తాయి. కొన్ని ఆడేవాడి నైపుణ్యానికి పదును పెడతాయి, కొన్ని కథకు అసలు ముగింపు తమ దగ్గరే ఉందంటాయి.

మొదటి దారికి పోకెమాన్ కంటే తేలిగ్గా అర్థమయ్యే ఉదాహరణ లేదు. 1996లో జపాన్‌లో వచ్చిన తొలి పోకెమాన్ గేమ్‌ల కథ కాగితం మీద రాస్తే అరపేజీ రాదు. ఒక కుర్రాడు ఇల్లు వదిలి, పోకెమాన్‌లనే వింత జీవులను పట్టి పెంచి, వాటితో ఎనిమిది జిమ్‌ల పోటీలు గెలిచి, చాంపియన్ అవుతాడు. పేర్లు పడ్డాక, మధ్యలో ఎప్పుడో చూసి దాటిపోయిన ఒక ఊరి పక్కన గుహ తెరుచుకుంటుంది. లోపల 70వ లెవెల్‌లో మ్యూటూ ఉంటుంది. అది ఎలా పుట్టిందో, ఎలా అదుపు తప్పిందో అప్పటికే ఓ పాడుబడ్డ భవనంలో దొరికిన డైరీ కాగితాల్లో ఆటగాడు చదివి ఉంటాడు. ఆ కాగితాలకు అర్థం దొరికేది చాంపియన్ అయ్యాకే.

1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ గేమ్‌లు ఇంకా దూరం వెళ్లాయి. జోటో అనే ప్రాంతంలో కథ ముగిశాక, పాత గేమ్‌లోని కాంటో ప్రాంతం మొత్తం తెరుచుకుంటుంది. ఇంకో ఎనిమిది జిమ్‌లు ఎదురవుతాయి. అవీ గెలిస్తే వెండికొండ అనే చోటికి దారి ఇస్తారు. ఆ కొండ గుహలో చివర ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. పేరు రెడ్. పలకరిస్తే చుక్కలు తప్ప జవాబు రాదు. యుద్ధం మొదలవుతుంది, అతని పికాచు 81వ లెవెల్‌లో దూకుతుంది. పాత గేమ్ ఆడినవాళ్లకు అప్పుడు వెలుగుతుంది: మూడేళ్ల కిందట తాము నడిపించిన కుర్రాడే ఇతడు. తన పాత గెలుపుతో తానే తలపడాలి. ఒక్క సంభాషణ లేకుండా ఇంత కథ చెప్పిన పోస్ట్‌గేమ్‌లు తక్కువ.

నైపుణ్యం దారిలో చివరి అంచు డిస్గయా. 2003లో నిప్పన్ ఇచీ కంపెనీ తెచ్చిన ఈ గేమ్‌లో, చనిపోయిన రాక్షసరాజు కొడుకు లాహార్ల్ తండ్రి గద్దె కోసం చేసే అల్లరే కథ. కథ ముగిసేసరికి పాత్రల లెవెల్ వంద దాటకపోయినా సరిపోతుంది. కానీ ఆటలో లెవెళ్లకు గరిష్ఠ హద్దు 9,999. ప్రతి కత్తిలో, ప్రతి ఉంగరంలో, చివరికి తినే మిఠాయిలో కూడా ఒక లోకం ఉంటుంది. అందులోకి దిగి అంతస్తు మీద అంతస్తు గెలిస్తే ఆ వస్తువే బలపడుతుంది. పెరిగిన పాత్రను మళ్లీ మొదటి లెవెల్‌కు పుట్టించి, ఇంకా బలంగా పెంచవచ్చు కూడా. దీన్ని ఇష్టపడేవాళ్లను కథ బాగుందా అని అడిగితే నవ్వుతారు. వాళ్లు వచ్చింది అంకెలు పెరగడం చూడ్డానికే. ఆ సంగతిని గేమ్ మొదటి గంటలోనే చాటింది కనుక మోసపోయామన్న బాధ ఎవరికీ ఉండదు.

అసలు చిక్కు కథ మీదే నిలబడే గేమ్‌లతో వస్తుంది.

2017లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 11 అలాంటిది. ఆ గేమ్ ఆడబోతున్నవాళ్లు ఈ పేరానూ, దీని తర్వాతి పేరానూ దాటేయడం మంచిది, ముగింపు చెప్పకుండా ఈ సంగతి వివరించడం కుదరదు. కథ సగంలో లోకం కూలిపోతుంది. నాయకుడి జట్టులో వెరోనికా అనే పొట్టి, నోటి దురుసు మంత్రగత్తె ఉంటుంది. అందరినీ బతికించి తాను చనిపోతుంది. ఆ సంగతి ఆటగాడికి చాలా గంటలు ఆలస్యంగా తెలుస్తుంది. ఆమె కవల సోదరి సెరీనా జుట్టు కత్తిరించుకుంటుంది, అక్క శక్తులు ఆమెకు సంక్రమిస్తాయి. ఆ దుఃఖంతోనే జట్టు ముందుకు నడిచి విలన్‌ని చంపుతుంది. పేర్లు పడతాయి. ఇక్కడితో ఆపినా నిండైన కథే.

కానీ పేర్ల తర్వాత, ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకున్న సేవ్ ఫైలు తెరిస్తే, కాలాన్ని వెనక్కి తిప్పే గోపురం ఒకటి బయటపడుతుంది. నాయకుడు ఒంటరిగా గతంలోకి వెళతాడు, వెరోనికా బతుకుతుంది, మొదటి విలన్ వెనక దాగిన అసలు శత్రువు కలాస్మోస్ బయటికొస్తాడు. గేమ్ నిజమైన ముగింపు వాడిని ఓడించాకే వస్తుంది. ఇక్కడే ఆటగాళ్లు రెండుగా చీలిపోయారు. చావును చెరిపేశాక ఆ కన్నీళ్లకు, సెరీనా తెగువకు విలువేముందని కొందరంటారు. ఇంత పెద్ద బహుమతి ఇచ్చిన పోస్ట్‌గేమ్ ఇంకోటి లేదని ఇంకొందరంటారు. నిజానికి ఇద్దరి వాదనకూ మూలం ఒకటే. అసలు ముగింపును ఐచ్ఛికంగా కనిపించే చోట పెట్టారు. పేర్లు పడగానే మెషీన్ ఆపేసినవాడు, తాను పూర్తి చేశాననుకున్నది పూర్తి కాలేదని ఎవరో చెబితే తప్ప తెలుసుకోలేడు.

దీనికి తలకిందుల కథ ఫాలౌట్ 3ది. 2008లో బెథెస్డా విడుదల చేసిన ఈ గేమ్ అణుయుద్ధంలో నాశనమైన వాషింగ్టన్‌లో జరుగుతుంది. దాని ఆకర్షణే శిథిలాల్లో ఇష్టమొచ్చినట్టు తిరగడం. చివర్లో అందరికీ మంచినీళ్లు ఇచ్చే యంత్రాన్ని నడపాలంటే, రేడియేషన్ నిండిన గదిలోకి ఎవరో ఒకరు వెళ్లాలి. వెళ్లినవారు తిరిగిరారు. నాయకుడి పక్కన ఫాక్స్ అనే మహాకాయుడు ఉంటాడు, అతన్ని రేడియేషన్ ఏమీ చేయదు. అతన్ని వెళ్లమంటే, ఇది నీ విధి, నేను అడ్డురాను అన్న ధోరణిలో తప్పుకుంటాడు. ఆ తర్వాత గేమ్ ఆగిపోతుంది, తిరగడానికి లోకమే ఉండదు. కథలో పొసగని త్యాగం, దాని పైన తలుపు మూసేయడం, రెండూ కలిసి ఆటగాళ్లకు ఒళ్లు మండింది. 2009 మేలో ‘బ్రోకెన్ స్టీల్’ అనే అదనపు భాగం తెచ్చి బెథెస్డా ముగింపు మార్చింది. ఫాక్స్ గదిలోకి వెళ్లడానికి ఒప్పుకున్నాడు, నాయకుడు బతికాడు, ఆట కొనసాగింది, లెవెల్ హద్దు 20 నుంచి 30కి పెరిగింది. పోస్ట్‌గేమ్ ఇవ్వడానికి కథనే సరిదిద్దాల్సి వచ్చిన ఉదంతం ఇది.

ఈ రెండూ పక్కపక్కన పెడితే అసలు విషయం తెలుస్తుంది. ప్రతి ఆర్పీజీ మొదటి పది గంటల్లో ఆటగాడికి ఏదో ఒక మాట ఇస్తుంది. ఈ మనుషుల గతి ఏమవుతుందో చెబుతానంటుంది ఒకటి. నువ్వెంత బలవంతుడివి కాగలవో చూపిస్తానంటుంది ఇంకొకటి. ఈ లోకంలో ఎన్నాళ్లైనా ఉండిపొమ్మంటుంది మూడోది. పోస్ట్‌గేమ్ ఆ మాట నిలబెట్టుకుంటే ఎంత పొట్టిగా ఉన్నా చాలనిపిస్తుంది. నిలబెట్టుకోకపోతే వంద గంటలున్నా పనిగానే తోస్తుంది. ఫాలౌట్ 3 మూడో మాట ఇచ్చి తప్పింది. డ్రాగన్ క్వెస్ట్ 11 మొదటి మాట నిలబెట్టుకుంది గానీ, దాన్ని వెతుక్కోమని మూలన పెట్టింది.

మనుషుల గతి చెబుతానన్న గేమ్‌కి పోస్ట్‌గేమ్ అక్కర్లేదా? బాల్డర్స్ గేట్ 3 దీనికి జవాబు చెప్పింది. 2023 ఆగస్టులో లారియన్ కంపెనీ విడుదల చేసిన ఈ గేమ్‌లో తోడు పాత్రలతో స్నేహం, ప్రేమ, తగవులు వందేసి గంటలు నడుస్తాయి. చివరి యుద్ధం అయ్యాక మాత్రం వాళ్లకేమైందో సరిగా చూపకుండానే తెర పడింది. కొత్త గుహలు కావాలని ఎవరూ గొడవ చేయలేదు, మా మనుషులు ఎలా ఉన్నారో చెప్పమన్నారు. అదే ఏడు నవంబరు ఆఖరున కంపెనీ ఒక ముగింపు ఘట్టం చేర్చింది. ఆరు నెలల తర్వాత పాత గుడారాల దగ్గర విందు, పాత్రలన్నీ కలుసుకుని తమ సంగతులు చెప్పుకోవడం, అంతే. ఒక్క యుద్ధమూ లేదు. ఆటగాళ్లు కోరుకున్నది అదే.

2015 నాటి ది విచర్ 3 కూడా ఇలాంటిదే, కాకపోతే తీరిగ్గా. ప్రధాన కథ దాదాపు 50 గంటలు, అన్నీ చేయాలంటే 170 గంటల దాకా పడుతుందని ఆటగాళ్ల అనుభవం. 2016లో వచ్చిన ‘బ్లడ్ అండ్ వైన్’ అనే అదనపు భాగంలో, జీవితమంతా గుర్రం మీద తిరిగి దెయ్యాల్ని వేటాడిన నాయకుడు గెరాల్ట్‌కు ఓ ద్రాక్షతోట, అందులో సొంత ఇల్లు దక్కుతాయి. మంచం బాగుచేయించుకోవచ్చు, గోడకు పటాలు తగిలించుకోవచ్చు. బలం పెంచుకునే పని పక్కన పెట్టి, ఇంట్లో దీపాలు సర్దుకుంటూ గంటలు గడిపినవాళ్లు ఎందరో.

మళ్లీ మొదటినుంచి ఆడించడం ఇంకో పద్ధతి. 1995లో క్రోనో ట్రిగ్గర్ దీనికి ‘న్యూ గేమ్ ప్లస్’ అని పేరు పెట్టింది. ఆ పేరే నేటికీ నడుస్తోంది. కథ మొదలుకే వెళతాం, బలం మాత్రం వెంట వస్తుంది. ఫైనల్ బాస్‌ని ఏ దశలో ఓడిస్తే ఆ దశకు తగిన ముగింపు ఉంటుంది. 2017లో యోకో టారో దర్శకత్వంలో వచ్చిన నియర్ ఆటోమాటా దీన్ని మెలి తిప్పింది. మొదటిసారి పేర్లు పడ్డాక అదే కథను ఇంకో పాత్ర కళ్లతో చూడాలి. మూడోసారికి గానీ అసలు కథ ముందుకు కదలదు. ఆఖరున తెర మీద పడే పేర్లే శత్రువులై కాల్పులు కురిపిస్తాయి. ఒంటరిగా గెలవడం దాదాపు అసాధ్యం. అప్పుడు ఎక్కడెక్కడి ఆటగాళ్లో పంపిన సాయం వచ్చి చేరుతుంది. గెలిచాక గేమ్ ఒక ప్రశ్న వేస్తుంది: నీలాంటి ఇంకొకరికి సాయపడటానికి నీ సేవ్ ఫైళ్లన్నీ చెరిపేస్తావా? ఒప్పుకుంటే పదుల గంటల కష్టం కళ్ల ముందే ఒక్కో పేజీ చెరిగిపోతుంది.

ఇక ముగింపే లేని ఆటలున్నాయి. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 60వ లెవెల్ చేరాకే ఆట మొదలవుతుందని ఆటగాళ్లు అనేవారు, ఎందుకంటే నలభై మంది కలిసి చేసే దండయాత్రలు అక్కడే ఉండేవి. 2011 నాటి స్కైరిమ్‌లో పని చెప్పేవాడు, వెళ్లాల్సిన గుహ, తేవాల్సిన వస్తువు, వీటిని కంప్యూటరే కలిపి కొత్త పనులు పుట్టిస్తుంది. కంపెనీల వైపు నుంచి చూస్తే దీని అర్థం సులువే. కథలో ఒక ఘట్టానికి రచయిత, గొంతు ఇచ్చే నటులు, బొమ్మలు కదిలించేవాళ్లు కావాలి, ఆటగాడు దాన్ని ఒక్కసారి చూసి దాటిపోతాడు. ఒక యుద్ధాన్ని, ఒక గుహను మాత్రం అంకెలు మార్చి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అందుకే ఖర్చు తగ్గాల్సి వచ్చినప్పుడు ముందు కత్తెర పడేది కథకే.

మన దగ్గర ఈ లెక్క మరీ బిగుతుగా ఉంటుంది. హైదరాబాద్‌కే చెందిన ఓగ్ర్ హెడ్ స్టూడియో అనే చిన్న బృందం 2017లో ‘అసుర’ అనే గేమ్ తెచ్చింది. భారతీయ పురాణాల ఛాయలున్న యాక్షన్ ఆర్పీజీ అది. చనిపోతే మళ్లీ మొదటికి రావాలి, గుహల అమరిక మారిపోతుంది, నేర్చుకునే విద్యల పట్టిక కూడా ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. యాభై గంటల కథ తీయడానికి డబ్బూ మనుషులూ లేని బృందం, మళ్లీ ఆడాలనిపించే గుణం మీదే పెట్టుబడి పెట్టిందన్నమాట. 2020లో పుణె బృందం నోడింగ్ హెడ్స్ తెచ్చిన ‘రాజీ’ ఎదుటి దారి పట్టింది. కోటలూ బొమ్మలూ కథా చాలా శ్రద్ధగా తీర్చింది గానీ, కొద్ది గంటల్లోనే, అదీ అర్ధాంతరంగా ముగిసిపోయిందని ఆడినవాళ్లు నొచ్చుకున్నారు. దేశంలో గేమ్‌లు చేసేవాళ్లంతా కలిసే సదస్సు కొన్నేళ్లు మాదాపూర్ హెచ్‌ఐసీసీలో జరిగింది. అక్కడికి వచ్చే చిన్న బృందాలన్నిటి ముందూ ఈ రెండు దార్లే ఉన్నాయి.

కొనేవాళ్లకు, ముఖ్యంగా పరీక్షలో, ఉద్యోగమో మధ్యలో ఉన్నవాళ్లకు, గంటల లెక్క కంటే పనికొచ్చేవి రెండు మూడు వాకబులు. పేర్లు పడ్డాక సేవ్ ఫైలు ఎక్కడికి తీసుకెళుతుంది? ఫైనల్ బాస్ ముందుకా, తర్వాతి లోకానికా? ముందుకే అయితే మిగిలిన పనులన్నీ బాస్‌ని కదిపే ముందే చేసుకోవాలి. అదనపు భాగాలు డిస్కులో కలిసి ఉన్నాయా, విడిగా కొనాలా? అన్నిటికంటే ముఖ్యం, అసలు ముగింపుకు ముందే తీర్చాల్సిన షరతు ఏదైనా ఉందా? 2019లో జపాన్‌లో వచ్చిన పెర్సోనా 5 రాయల్‌లో చివరి మూడో సెమిస్టర్ అంతా, ఆ కూర్పు కోసం కొత్తగా రాసిన మంచి భాగం. కానీ ఆటలోని క్యాలెండర్ ప్రకారం నవంబరు మధ్యకల్లా స్కూల్ కౌన్సెలర్ మరుకితో స్నేహం తొమ్మిదో మెట్టుకు చేరకపోతే ఆ సెమిస్టర్ తెరుచుకోదు. వంద గంటలు ఆడాక తలుపు మూసుకుపోయిందని తెలుసుకోవడం కంటే, అక్టోబరులోనే ఒక సేవ్ విడిగా పెట్టుకుని, వారానికోసారి మరుకిని పలకరించి రావడం తేలిక.